‘కనెక్ట్ అయింది’ అంటుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు: తప్పు ఎవరిది?

ఉక్కు పట్టణం భిలాయ్‌లోని ఒక క్వార్టర్‌ను ఊహించుకోండి. తండ్రి కర్మాగారంలో ఉద్యోగి. కూతురు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. పండక్కి పుట్టింటికి వచ్చి, రెండు వారాలు ఇక్కడి నుంచే పని చేసుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. సోమవారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి కంపెనీ నెట్‌వర్క్‌కు వీపీఎన్ ద్వారా డయల్ చేసింది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అన్నీ సరిపోయాయి. తెర మూలన ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఆఫీసు ఫైళ్లు తెరుచుకున్నాయి. కానీ బ్రౌజర్‌లో ఒక్క వెబ్‌సైటూ రాదు. వీపీఎన్ ఆపేస్తే అన్నీ వస్తాయి, ఆఫీసు పోతుంది. మళ్లీ కలిపితే ఆఫీసు వస్తుంది, లోకం పోతుంది.

కంపెనీ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే, “మా వైపు అంతా బాగానే ఉంది, మీ ఇంటర్నెట్ వాళ్లను అడగండి” అన్నారు. ఇంటర్నెట్ వాళ్లను అడిగితే, “లైన్ బాగానే ఉంది, స్పీడ్ కూడా వస్తోంది, మీ కంపెనీని అడగండి” అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. అయినా మధ్యాహ్నం దాకా పని ముందుకు సాగలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఉపాధి కోసం వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పుడు పని దగ్గరికి మనిషే రావాలి. ఇప్పుడు ఆ కుటుంబాల్లోని తర్వాతి తరానికి పని తీగ వెంట ఇంటికే వస్తోంది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు కేంద్ర టెలికాం శాఖ ఇంటి నుంచి పనికి సంబంధించిన నిబంధనలను సడలించింది. అదే ఏడాది నవంబరులో ఆ నిబంధనలను ఏకంగా సరళం చేసింది. ఆ రోజుల్లో ఉక్కు పట్టణంలో కొలిమి దగ్గరి కార్మికులు డ్యూటీకి వెళ్లక తప్పలేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఇంటి నుంచి నడపలేరు. కానీ లెక్కలు, డిజైన్, సాఫ్ట్‌వేర్, చదువు ఇంటికి మారాయి. అప్పటి నుంచి ‘కనెక్ట్ అయింది గానీ నెట్ రావడం లేదు’ అన్న మాట ఇంటింటి మాటైంది.

ఈ చిక్కులో చాలాసార్లు ఏ యంత్రమూ చెడిపోదు. కంప్యూటర్ తనకు చెప్పిన దారినే పోతుంది. ఆ దారిని నిర్ణయించింది సంస్థ. ఆ సంగతి తెలియనిది వాడుతున్న మనిషికి. కాబట్టి దీన్ని ‘యూజర్‌కు తెలియక వచ్చిన ఇబ్బంది’ అని పక్కన పెట్టడం న్యాయం కాదు.

మోడెం అరుపులో ఉన్న నిజాయితీ

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. అది టెలిఫోన్ తీగ మీద నడిచే డయల్-అప్. తర్వాత బీఎస్‌ఎన్‌ఎల్ వచ్చాక 172222 నంబరుకు డయల్ చేసినవారు ఈనాటికీ ఆ అంకెలు మరచిపోలేదు. నంబరు తిరిగేది, అవతల ఎత్తేవారు, కీచుమంటూ కాసేపు అరుపులు వినిపించేవి, తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దం వచ్చిందంటే కలిసినట్టు.

ఆ అరుపులు రెండు మోడెంల మధ్య సంప్రదింపులు. ఈ తీగ మీద ఎంత శబ్దం ఉంది, ఎంత ప్రతిధ్వని వస్తోంది, ఏ వేగంతో మాట్లాడుకుందాం అని అవి తేల్చుకునేవి. టెలిఫోన్ వ్యవస్థ మనిషి గొంతు కోసం సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకెళ్తుంది. అంటే 3,100 హెర్ట్జ్ వెడల్పు. 1948లో క్లాడ్ షానన్ చెప్పిన సూత్రం ప్రకారం ఇంత వెడల్పులో, సిగ్నల్ శబ్దం కన్నా 35 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే, సెకనుకు దాదాపు 36 కిలోబిట్లకు మించి పంపలేం. నాటి మోడెంలు 33.6 కిలోబిట్ల దగ్గర ఆగిపోవడానికి కారణం కంపెనీల చేతకానితనం కాదు, భౌతికశాస్త్రం గీసిన గీత. ఆ తర్వాత వచ్చిన 56 కిలోబిట్ల మోడెంలు కూడా ఆ గీతను చెరపలేదు. సర్వీస్ కంపెనీ వైపు లైన్ పూర్తిగా డిజిటల్ కావడంతో ఒక దిశలో అడ్డంకి తగ్గింది, అంతే.

ఆనాటి వేగాన్ని ఎవరూ మళ్లీ కోరుకోరు. కానీ ఆ వ్యవస్థలో ఒక సుగుణం ఉండేది: ఎక్కడ ఆగిందో చెప్పేది. డయల్ టోన్ లేకపోతే ఎర్రర్ 680. అవతలి కంప్యూటర్ స్పందించకపోతే 678. పేరో పాస్‌వర్డో తప్పయితే 691. నంబరు చూసి లోపం తన ఇంట్లో ఉందా, ఎక్స్ఛేంజీలో ఉందా, అకౌంట్‌లో ఉందా అన్నది ఇంటర్ చదివే కుర్రాడు కూడా చెప్పగలిగేవాడు. మోడెం అరుపు సగంలో తెగితే లైన్‌లో గరగర ఉందని అర్థం.

నేటి వీపీఎన్ అలా కాదు. ఆకుపచ్చ గుర్తు వెలిగిందంటే దాని అర్థం ఒక్కటే: ఇంటి కంప్యూటర్‌కూ ఆఫీసు గేట్‌వేకూ మధ్య తాళం వేసిన గొట్టం ఒకటి ఏర్పడింది. ఆ గొట్టంలోకి ఏ డేటా వెళ్తుంది, అవతలి కొస నుంచి బయటికి దారి ఉందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు. పాత వ్యవస్థ అరిచి మరీ విఫలమయ్యేది, కొత్తది నవ్వుతూ విఫలమవుతుంది.

బండి ఎటు మళ్లింది?

అసలు ఏం జరుగుతుందో చూద్దాం. ప్రతి కంప్యూటర్‌లోనూ రూటింగ్ టేబుల్ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఫలానా చిరునామాకు వెళ్లే డేటాను ఫలానా వైపు పంపు అని అందులో వరుసలుంటాయి. చివర ఒక వరుస ముఖ్యం: ‘పైన లేనివన్నీ ఇటు పంపు’. దీన్నే డిఫాల్ట్ రూట్ అంటారు. మామూలుగా అది ఇంటి రౌటర్ వైపు చూపిస్తుంది.

వీపీఎన్ కలిసిన క్షణంలో ఆఫీసు గేట్‌వే ఇంటి కంప్యూటర్‌కు ఒక కొత్త చిరునామా ఇస్తుంది, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ ఏదో చెబుతుంది, చాలా సందర్భాల్లో ‘ఇకపై అన్నీ నా దగ్గరికే పంపు’ అని కొత్త డిఫాల్ట్ రూట్ కూడా పెడుతుంది. విండోస్‌లోని వీపీఎన్ సెట్టింగుల్లో ‘యూజ్ డిఫాల్ట్ గేట్‌వే ఆన్ రిమోట్ నెట్‌వర్క్’ అనే గడి ఒకటి లోలోపలి మెనూల్లో దాగి ఉంటుంది. మామూలుగా దానికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. ఇప్పుడు పట్టికలో రెండు డిఫాల్ట్ రూట్లు ఉన్నాయి. ఏది తక్కువ ఖర్చు అని కంప్యూటర్ లెక్కగడితే అదే గెలుస్తుంది. గెలిచేది ఆఫీసు దారే.

భిలాయ్ వాసులకు రైలు పోలికే సులువు. దుర్గ్‌లో ఎక్కినవారు నలభై కిలోమీటర్ల లోపే ఉన్న రాయ్‌పూర్‌లో దిగాలి. కానీ పట్టాలు ఎలా మళ్లించారంటే, బండి ఎక్కడా ఆగకుండా ఐదు వందల కిలోమీటర్లకు పైగా వెళ్లి విశాఖపట్నం చేరుతుంది. అక్కడి స్టేషన్ మాస్టర్ ‘రాయ్‌పూర్‌కు వెళ్లే బండి ఎక్కండి’ అంటే ఆలస్యమైనా ఊరు చేరతారు. ‘ఇక్కడి నుంచి బయటికి వెళ్లే బండి లేదు’ అంటే ప్లాట్‌ఫాం మీదే కూర్చోవాలి. భిలాయ్ కూతురి ల్యాప్‌టాప్‌కు జరిగింది ఈ రెండోది. ఆమె పంపిన ప్రతి అభ్యర్థనా హైదరాబాద్ ఆఫీసు దాకా భద్రంగా వెళ్లింది. అక్కడి నుంచి బయటి ఇంటర్నెట్‌లోకి పంపాలంటే, వీపీఎన్ వాడేవారికి ఇచ్చిన సొంత చిరునామాలను పబ్లిక్ చిరునామాగా మార్చే ఏర్పాటు, అంటే నాట్, ఉండాలి. ఫైర్‌వాల్ అనుమతి కూడా ఉండాలి. ఆ రెండింటిలో ఏదో ఒకటి లేదు. ఆఫీసు లోపల కూర్చున్నవారికి ఆ ఏర్పాటు ఉంది కాబట్టి హెల్ప్‌డెస్క్‌కు ‘అంతా బాగానే’ కనిపించింది.

అయిదు ప్రశ్నలు

కర్మాగారంలో మోటారు తిరగకపోతే మెకానిక్ దాన్ని వెంటనే విప్పేయడు. కరెంటు వస్తోందా, స్విచ్ దాటి వస్తోందా, టెర్మినల్ దగ్గర ఉందా అని ఒక్కో మెట్టూ చూస్తాడు. ప్రతి పరీక్షా అనుమానాన్ని సగానికి కోస్తుంది. నెట్‌వర్క్ లోపానికీ అదే పద్ధతి. ‘రీస్టార్ట్ చేయండి, రీఇన్‌స్టాల్ చేయండి’ అన్న సలహా కొన్నిసార్లు ఫలించవచ్చు గానీ, ఎందుకు ఫలించిందో ఎవరికీ తెలియదు కాబట్టి మర్నాడు అదే చిక్కు మళ్లీ వస్తుంది. అయిదు ప్రశ్నలు వరుసగా వేసుకుంటే లోపం ఏ గదిలో ఉందో తేలుతుంది.

మొదటిది: వీపీఎన్ ఆపితే ఇంటర్నెట్ వస్తోందా? వస్తుంటే ఇంటి లైన్ నిర్దోషి. అక్కడికి మళ్లీ వెళ్లనక్కర్లేదు.

రెండోది: వీపీఎన్ కలిపాక ఆఫీసు లోపలి సర్వర్ పలుకుతోందా? పలికితే గొట్టం బాగుంది. పాస్‌వర్డ్‌ను అనుమానించనక్కర్లేదు.

మూడోది: బయటి చిరునామా ఒకదాన్ని అంకెల్లోనే, ఉదాహరణకు 8.8.8.8ను, పింగ్ చేస్తే జవాబు వస్తోందా? అంకెలకు జవాబు వచ్చి, పేరుకు రాకపోతే దారి బాగుంది, డీఎన్‌ఎస్ బాగాలేదు. ఆఫీసు ఇచ్చిన డీఎన్‌ఎస్ సర్వర్‌కు లోపలి పేర్లు మాత్రమే తెలిసి, బయటి పేర్లు తెలియకపోతే ఇలా అవుతుంది.

నాలుగోది: అంకెలకూ జవాబు రాకపోతే, డేటా ఎంత దూరం వెళ్లి ఆగుతోంది? ట్రేస్‌రూట్ అనే చిన్న ఆదేశం దారిలోని ఒక్కో మజిలీనీ చూపిస్తుంది. మొదటి మజిలీగా ఆఫీసు గేట్‌వే కనబడి, ఆ తర్వాత ఏమీ లేకపోతే, లోపం ఆఫీసు కొసన ఉంది. ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు.

అయిదోది: కొన్ని పేజీలు వచ్చి కొన్ని సగంలో ఆగుతున్నాయా? ఇది అన్నింటికన్నా మోసపుచ్చే లక్షణం. మామూలు నెట్‌వర్క్‌లో ఒక్కో డేటా పొట్లం గరిష్ఠంగా 1,500 బైట్లు ఉంటుంది. చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ వాడే పీపీపీఓఈ పద్ధతి అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1,492. వీపీఎన్ తన తాళాలు, ముద్రల కోసం మరికొన్ని డజన్ల బైట్లు తీసుకుంటుంది. నిండు పొట్లం పట్టదు. ‘నాకు పట్టలేదు, చిన్నది పంపు’ అని దారిలోని యంత్రం వెనక్కి చెప్పాలి. కానీ భద్రత పేరుతో కొందరు అడ్మిన్లు ఆ హెచ్చరిక సందేశాలనే ఆపేస్తారు. పంపినవాడికి విషయం తెలియదు, అందుకోవాల్సినవాడికి పొట్లం రాదు. చిన్న సందేశాలు వెళ్తాయి, పెద్ద పేజీలు వేలాడతాయి. వీపీఎన్ వైపు పొట్లం పరిమాణాన్ని 1,300-1,400 బైట్ల మధ్యకు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక జాగ్రత్త అవసరం. కొన్ని సంస్థలు పింగ్‌కు జవాబివ్వడాన్ని నిలిపేస్తాయి. కాబట్టి జవాబు వస్తే అది రుజువు, రాకపోతే అది అనుమానం మాత్రమే. ఏ ప్రయోగంలోనైనా ఉండే నియమమే ఇది.

ఈ అయిదింటికీ దొరకనివి కొన్ని ఉన్నాయి. ఇంటి రౌటర్ 192.168.1 తో మొదలయ్యే చిరునామాలు పంచుతుంటే, ఆఫీసు ఫైల్ సర్వర్ కూడా అదే వరుసలో ఉంటే, కంప్యూటర్ ఆ సర్వర్‌ను పక్క గదిలో వెతుకుతుంది. అప్పుడు లోకం వస్తుంది, ఆఫీసు రాదు. ఎన్నో ఇళ్ల రౌటర్లు ఆ వరుసతోనే అమ్ముడవుతాయని తెలిసీ ఆఫీసు నెట్‌వర్క్‌కు అదే ఎంచుకోవడం కొని తెచ్చుకున్న తలనొప్పి. ఇక ఐపీవీ6. దాని వాడకంలో భారత్ ప్రపంచంలో ముందువరుసలో ఉంది. కానీ వీపీఎన్ పాత ఐపీవీ4ను మాత్రమే మోస్తే, కొన్ని సైట్లు గొట్టం బయటి నుంచి వస్తాయి, కొన్ని గొట్టంలో ఇరుక్కుంటాయి. వాడేవారికి అది గ్రహచారంలా కనిపిస్తుంది.

దూరం కాదు, ఇరుకు

ఆఫీసు బయటికి దారి ఇచ్చిందనుకుందాం. అప్పుడు వచ్చే ఫిర్యాదు వేరు: నెట్ వస్తోంది గానీ నత్తనడక. భిలాయ్ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. లెక్క వేరే చెబుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల ఫైబర్‌ను దాటడానికి 5 మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి 10. రెప్ప వేసే సమయంలో పదో వంతు కూడా కాదు.

ఆలస్యమంతా ఇరుకులో ఉంది. ఐదు వందల మంది ఉద్యోగులు తలా 2 మెగాబిట్ల వేగంతో ఒక వీడియో చూస్తున్నారనుకోండి. మొత్తం 1,000 మెగాబిట్లు. ఆ డేటా అంతా ముందు ఆఫీసు లైన్‌లోకి రావాలి, మళ్లీ అదే లైన్ గుండా ఇళ్లకు వెళ్లాలి. నిజానికి దానికి ఆఫీసుతో పనే లేదు. ఆఫీసులో కూర్చున్న ఐదు వందల మంది కోసం కొన్న లైన్, ఇళ్లలో కూర్చున్న ఐదు వందల మందికి చాలదు.

అయితే ఆ టిక్ తీసేస్తే పోలా?

సులువైన చిట్కా ఒకటి నోటి మాటగా తిరుగుతుంటుంది: ఆ గడిలో టిక్ తీసేయండి, ఆఫీసు డేటా గొట్టంలోంచి, మిగతాదంతా నేరుగా వెళ్తుంది అని. దీన్ని స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు. పని చేస్తుంది. కానీ ఉక్కు పట్టణంలో ఉన్నవారికి దీని రెండో ముఖం కూడా చెప్పాలి.

జర్మనీ సమాచార భద్రతా సంస్థ బీఎస్‌ఐ 2014 నివేదికలో ఒక ఉక్కు కర్మాగారం ఉదంతం ఉంది. దాడి చేసినవారు మోసపు ఈమెయిళ్లతో ముందు ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారు. అక్కడి నుంచి ఉత్పత్తిని నడిపే నెట్‌వర్క్‌లోకి పాకారు. ఒక బ్లాస్ట్ ఫర్నేస్‌ను సరైన పద్ధతిలో ఆపలేని స్థితి వచ్చి భారీ నష్టం జరిగింది. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ ఇంధన సరఫరానే ఆపుకోవాల్సి వచ్చింది. దాడిదారులు లోపలికి వచ్చింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ అకౌంట్ ద్వారా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, రెండో దశ ధ్రువీకరణ లేదు.

ఇంటి కంప్యూటర్ ఒక చేత్తో బహిరంగ ఇంటర్నెట్‌ను, మరో చేత్తో కర్మాగారం లోపలి నెట్‌వర్క్‌ను పట్టుకుని నిలబడితే, అది వంతెన కావచ్చు. అందుకే ‘అంతా నా గుండానే వెళ్లాలి, నేను చూడాలి’ అని సంస్థ పట్టుబట్టడం మూర్ఖత్వం కాదు. కొలిమి ఉన్న చోట ఆ పట్టుదల ఉండాల్సిందే. కాబట్టి ఉద్యోగి తనకు తానుగా ఆ టిక్ తీయడం పరిష్కారం కాదు. అలా తీయాల్సిన అవసరం రానివ్వడం మాత్రం సంస్థ తప్పు.

పని ఆగిపోయిన మనిషి ఊరికే కూర్చోడు. ఫైల్‌ను సొంత ఈమెయిల్‌కు పంపుకుంటాడు, వాట్సాప్‌లో తోటి ఉద్యోగికి ఇస్తాడు, ఎవరో చెప్పిన ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుంటాడు. దారి మూసి భద్రత సాధించామని సంస్థ అనుకుంటుంది. డేటా మాత్రం గోడ దూకి పోతుంటుంది. పని చేయనివ్వని భద్రత చివరికి భద్రతను కూడా మిగల్చదు.

చదువుకునేవారికి తిరగబడిన చిక్కు

భిలాయ్ చుట్టుపక్కల ఈ సమస్యకు మరో రూపం ఉంది. 2016లో ఏర్పడిన ఐఐటీ భిలాయ్, ఇంజనీరింగ్ కాలేజీల వల్ల ఈ ప్రాంతం ఇప్పుడు ఉక్కుకే కాదు, చదువుకూ కేంద్రం. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పరిశోధన పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వస్తాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని సమన్వయం చేస్తుంది.

సాధారణంగా పత్రిక వెబ్‌సైట్ పాఠకుణ్ణి ఎలా గుర్తిస్తుంది? అభ్యర్థన ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చిందో చూసి. క్యాంపస్ చిరునామా అయితే తలుపు తీస్తుంది. ఇంటి చిరునామా అయితే డబ్బు కట్టమంటుంది. ఇప్పుడు చూడండి. క్యాంపస్ వీపీఎన్ స్ప్లిట్ పద్ధతిలో ఉంటే, విద్యార్థి డయల్ చేసి కలిసినా, పత్రికకు వెళ్లే అభ్యర్థన ఇంటి దారినే పోతుంది. తలుపు తెరుచుకోదు. ఉద్యోగి చిక్కుకు మందుగా చెప్పినదే ఇక్కడ జబ్బవుతుంది. క్యాంపస్‌లో పెట్టుకున్న ప్రాక్సీ సెట్టింగ్ ఇంటికి వచ్చాక కూడా బ్రౌజర్‌లో ఉండిపోతే ఏదీ రాదు. విద్యార్థి మాత్రం తనకే కంప్యూటర్ రాదేమో అనుకుంటాడు.

దీనికి మెరుగైన మార్గం చిరునామాను కాక మనిషిని గుర్తించడం. తన సంస్థ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎక్కడ కూర్చున్నా పత్రిక తెరుచుకునే సమాఖ్య పద్ధతి, ఇన్‌ఫెడ్, ఇన్‌ఫ్లిబ్‌నెట్ దగ్గర ఉంది. ప్రజల డబ్బుతో కొన్న పత్రికను సెలవులకు ఇంటికి వెళ్లిన పరిశోధక విద్యార్థి చదవలేకపోతే, ఆ రోజుకు ఆ చందా వృథా. ప్రతి సంస్థా ఆ సౌకర్యం ఉందని చెప్పి, ఎలా వాడాలో నేర్పితే సగం వీపీఎన్ ఫిర్యాదులు పుట్టనే పుట్టవు.

చెప్పడం సంస్థ బాధ్యత

చేయాల్సినవి ఖరీదైన పనులేమీ కావు.

మొదట, వీపీఎన్ ఇచ్చే ప్రతి సంస్థా ఒక్క పేజీలో మూడు సంగతులు రాసివ్వాలి. కలిశాక మీ ఇంటర్నెట్ అంతా మా గుండా వెళ్తుందా, లేక ఆఫీసు పని మాత్రమేనా? మా గుండా వెళ్తే ఏవి వస్తాయి, ఏవి రావు? రాకపోతే ఏయే పరీక్షలు చేసి, ఫలితాలతో ఎవరికి ఫోన్ చేయాలి? ఆ పేజీ ఆంగ్లంలో ఒక్కటే ఉంటే చాలదు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు ఉండటంతో మినీ ఇండియా అని పేరు తెచ్చుకున్న ఊరు భిలాయ్. అక్కడి ఇళ్లలో హిందీ, తెలుగు, ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. లోపాన్ని వివరించే మాట సొంత భాషలో ఉంటే హెల్ప్‌డెస్క్ పని కూడా తగ్గుతుంది.

రెండోది, ‘అంతా’, ‘ఏదీ వద్దు’ అనే రెండు కొసల మధ్య ఆలోచించి గీత గీయాలి. కర్మాగార నియంత్రణకు దగ్గరగా పనిచేసేవారికి పూర్తి గొట్టం పెట్టి, బయటికి తగిన దారీ, దానికి తగిన లైనూ ఇవ్వాలి. మిగతావారికి వీడియో సమావేశాల వంటి బరువైన, నమ్మదగిన సేవలను మాత్రం నేరుగా వెళ్లనివ్వవచ్చు. పరిశోధకులకు పత్రికల చిరునామాలను గొట్టంలో చేర్చవచ్చు. ఏది ఎంచుకున్నా అది తెలిసి తీసుకున్న నిర్ణయంగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడే ఉన్న టిక్ కాబట్టి అలాగే వదిలేశాం అనేది విధానం కాదు.

మూడోది, హెల్ప్‌డెస్క్‌ను కొలిచే పద్ధతి మారాలి. ‘మా వైపు బాగానే ఉంది’ అనేది జవాబు కాదు. ‘మీ డేటా మా గేట్‌వే దాకా వచ్చింది, అక్కడ ఆగింది’ అన్నది జవాబు. వాడేవారు చెప్పిన అయిదు ఫలితాలను చూసి లోపం ఎవరి కొసన ఉందో పది నిమిషాల్లో తేల్చడం అసాధ్యమేమీ కాదు.

నాలుగోది వీపీఎన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి. ఒక్క ఆకుపచ్చ గుర్తు బదులు మూడు చూపించండి: ఆఫీసు అందుతోంది, పేర్లు దొరుకుతున్నాయి, బయటి లోకం అందుతోంది. ముప్పై ఏళ్ల కిందటి మోడెం ఇంతకన్నా ఎక్కువే చెప్పేది.

భిలాయ్ క్వార్టర్‌లోని ఆ కూతురికి సాయంత్రం నాలుగింటికి నెట్ వచ్చిందనుకుందాం. ఆఫీసులో ఎవరో ఫైర్‌వాల్‌లో ఒక్క వరుస చేర్చి ఉంటారు. ఒక్క నిమిషం పని. దానికి ఆమె ఏడు గంటల జీతం పని పోయింది, పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చుకుంది, సాఫ్ట్‌వేర్ ఒకసారి తీసేసి మళ్లీ వేసుకుంది, ఇంటర్నెట్ వాళ్లతో గొడవ పడింది. వీటిలో ఒక్కటీ అవసరం లేదు. పొద్దున తొమ్మిదింటికి ఆ నాలుగో ప్రశ్న అడగడం ఆమెకు తెలిసి ఉంటే, లేదా అడగమని ఎవరైనా ముందే రాసిచ్చి ఉంటే, తొమ్మిదీ పావుకల్లా ఫోన్ సరైన మనిషికి చేరేది.